కాజల్‌దీఘి వారి నడుము

ఝర్నా నస్కర్ నడుము ఇరవై ఎనిమిది అంగుళాలు. పరాయి ఇంటి ఆడమనిషి గురించి కథ ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదు, నిజమే. కానీ కోల్‌కతాలో ఒక కారు షెడ్డులో పుట్టి ఢిల్లీ, పుణే, బెంగుళూరు, హైదరాబాదు దాకా ముప్పై నాలుగు షాపులుగా పాకిన కాజల్‌దీఘి అనే ఖరీదైన ఆడవాళ్ళ బట్టల సంస్థ, ఈ ఒక్క సంగతి మీదే ఇరవై ఆరేళ్ళు బతికింది. సిగ్గుపడాల్సిన వాళ్ళెవరన్నా ఉంటే ఆ సంస్థే సిగ్గుపడాలి.

కస్బాలో వాళ్ళ కుట్టు కార్ఖానా మూడంతస్తుల భవనం. రెండో అంతస్తులో కత్తిరింపు గది. ఆ గది గోడల పొడుగునా కొక్కేలకి గోధుమరంగు అచ్చు కాగితాలు వేలాడుతుంటాయి. ఏ కుర్తా అయినా, ఏ జాకెట్టు అయినా ముందు ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, అంచుల వెంట సుద్దతో గీసి, తర్వాతే కత్తెర పెడతారు. మధ్య సైజు కాగితాల మీద అన్నిచోట్లా ఉండే ఇంగ్లీషు అక్షరం ఉండదు, బెంగాలీలో ‘ఝ’ అని రాసి ఉంటుంది. అందులోంచి రెండంగుళాలు తీస్తే చిన్న సైజు, రెండంగుళాలు కలిపితే పెద్ద సైజు. అంటే దేశంలో ఏ ఊళ్ళో ఏ ప్రొఫెసరమ్మ కాజల్‌దీఘి బట్ట తొడుక్కున్నా, అది ఝర్నాకి కాస్త తగ్గించో కాస్త కలిపో కుట్టిన బట్టే.

ఇదంతా ఎవరూ ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. 1996లో మందిరా బాగ్చీ బాలిగంజ్‌లో తమ ఇంటి కారు షెడ్డులో నాలుగు కుట్టుమిషన్లు వేయించి, శాంతిపూర్ చేనేత గుడ్డతో జాకెట్లు కుట్టించడం మొదలుపెట్టింది. ఆవిడ భర్త వకీలు. కారు అమ్ముడుపోయింది కాబట్టి షెడ్డు ఖాళీ అయిందని కొందరు, షెడ్డు కోసమే ఆవిడ కారు అమ్మించిందని కొందరు అనేవాళ్ళు. పనివాళ్ళందరూ ఆవిడని బౌదీ అనేవాళ్ళు, మనం వదినగారూ అన్నట్టు. ఝర్నాకి అప్పుడు ఇరవై ఏళ్ళు. సోనార్‌పూర్ నుంచి పొద్దున్నే లోకల్ రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో నిలబడి వచ్చి, హుక్కులు కుట్టి, మిగిలిన దారాలు తుంచేది. కత్తిరింపు చేసేవాడు ఇద్రిస్ మొల్లా. మెటియాబ్రూజ్‌లో తాతల నాటి నుంచి దర్జీ పని చేస్తున్న కుటుంబం వాళ్ళది. నలభై ఒక్కేళ్ళకే గడ్డం తెల్లబడిన మనిషి, మాటలు పొదుపు.

ఒకరోజు కొలత చూసుకోడానికి వస్తానన్న డాక్టరమ్మ రాలేదు. ఇద్రిస్ ముతక తెల్లగుడ్డతో కుట్టిన నమూనా జాకెట్టు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అసలు గుడ్డ ఖరీదైనది, ముందుగా నమూనా ఎవరో ఒకరి ఒంటిమీద చూడకుండా దానికి కత్తెర పెట్టనన్నాడు. మందిరాకి అప్పటికే ఒళ్ళు వచ్చింది. మిగిలింది ఝర్నా ఒక్కతే. టీ కప్పులు పెట్టుకునే స్టూలు మీద ఆమెని నిలబెట్టి, నమూనా తొడిగి, గుండుసూదులు గుచ్చారు. రెండు సూదులు గుచ్చేసరికి ఇద్రిస్‌కి పని లేకుండా పోయింది.

“నిన్నెవరు కన్నారే?” అంది మందిరా చుట్టూ తిరిగి చూస్తూ. “టేపు చేత్తో పట్టుకుని కన్నట్టున్నారు.”

“మా అమ్మకి టేపు ఎక్కడిది బౌదీ? ధాన్యం కొలిచే కుంచం ఉండేది.”

“అయితే కుంచం పట్టుకునే కన్నది. దిగకు, ఇంకో రెండు నమూనాలున్నాయి.”

ఆ దిగకు అన్నమాట ఇరవై ఆరేళ్ళు నడిచింది. ఆ చలికాలం ఝర్నా మీద కొలిచి కుట్టిన జాకెట్లు కొనుక్కున్న పదిమందిలో ఆరుగురికి విప్పి కుట్టాల్సిన అవసరమే రాలేదు. మిగతా నలుగురికి పక్క కుట్టు వేలెడంత విప్పితే సరిపోయింది. కొలతలిచ్చి వారం ఆగి తీసుకునే అలవాటు పోయి, ఆడవాళ్ళు వచ్చి, కొక్కేనికి ఉన్నది తొడుక్కుని, తీసుకుపోవడం మొదలుపెట్టారు. అలా షెడ్డు కాస్తా షాపు అయింది.

మందిరాకి వ్యాపారం తెలుసు. షాపు ముందు పెద్ద బోర్డు పెట్టలేదు, పెడితే అందరూ వస్తారని. వచ్చినవాళ్ళకి తెల్ల పింగాణీ కప్పులో డార్జిలింగ్ టీ ఇచ్చేవాళ్ళు. ధర ఎవరూ నోటితో చెప్పకూడదు, చీటీ తిప్పి చూపించాలి. నోటితో చెప్తే బేరం మొదలవుతుందని ఆవిడ సిద్ధాంతం. గరియాహాట్‌లో రెండో షాపు, సాల్ట్‌లేక్‌లో మూడోది, ఆ తర్వాత దుర్గాపూజకి రెండేసి చొప్పున పెరుగుతూ పోయాయి. దుర్గాపూజ ముందు నెలన్నరా ఏ షాపులో చూసినా ఆడవాళ్ళు భుజానికి భుజం తగిలేలా నిలబడేవాళ్ళు. కాజల్‌దీఘి బట్ట లేకుండా అష్టమి నాడు పందిట్లోకి వెళ్ళడానికి కొన్ని ఇళ్ళలో చిన్నతనంగా ఉండేది.

ఇన్ని షాపుల్లోకి వెళ్ళిన ప్రతి బట్టనీ అందరికంటే ముందు తొడుక్కున్నది ఝర్నా. మంగళవారం, శుక్రవారం స్టూలు రోజులు. ఆ రెండు రోజుల్లో పదిహేను, ఇరవై నమూనాలు ఒంటిమీదకి ఎక్కి దిగేవి. అన్నీ ముతక తెల్లగుడ్డే, అన్నిటికీ సూదులే. అసలు రంగులో, అసలు గుడ్డలో ఒక్కటి కూడా ఆమె కొనుక్కోలేదు. కొనుక్కోకూడదని ఎవరూ అనలేదు. ఆ బట్టలు సోనార్‌పూర్ రైలుకి పనికొచ్చేవి కావంతే.

ఇద్రిస్ కొలత తీసే పద్ధతి గురించి చెప్పాలి. ఆడమనిషి కొలత నోటితో పలకడం అతని ఇంట్లో తప్పు. తండ్రి నేర్పిన మర్యాద అది. టేపు పెట్టి, అంకె చూసి, బల్లమీద సుద్దతో రాసి, కాగితం మీదకి ఎక్కించగానే అరచేత్తో తుడిచేసేవాడు. పక్కన ఎంతమంది పనివాళ్ళున్నా ఝర్నా కొలత ఒక్కరి చెవినీ పడలేదు. లావయ్యావనో, చిక్కావనో అతను ఒక్కసారి కూడా అనలేదు. ఆమె ఇది గొప్ప గౌరవంగా తీసుకుంది. నిజానికి గౌరవమే. ఆ గౌరవమే తర్వాత ఇద్దరి కొంపా ముంచింది.

పెళ్ళయింది. భర్త బికాష్ సోనార్‌పూర్ స్టేషను దగ్గర బ్యాటరీ రిక్షా నడిపేవాడు, సరదా మనిషి. “మా ఆవిడ నడుము బాలిగంజ్ వాళ్ళకి బాడుగకిచ్చాం, ఆదివారాలు మాత్రం నాది,” అని స్టేషనులో అందరితో చెప్పి నవ్వించేవాడు. 2001లో కూతురు మిటుల్ పుట్టింది. ఝర్నా సెలవులో ఉన్న ఆరు నెలలూ ముగ్గురు అమ్మాయిల్ని మార్చి మార్చి స్టూలు ఎక్కించారు. ఆ ఏడు పూజ బట్టలు సగానికి సగం మిగిలిపోయాయి. మందిరా మిఠాయి డబ్బాతో సోనార్‌పూర్ వచ్చింది. పిల్లని ఎత్తుకుని ముద్దాడి, ఝర్నాని ఎగాదిగా చూసింది.

“ఎప్పటికి తగ్గుతావే?”

“పాలిస్తున్నాను గదా బౌదీ, ఆకలేస్తుంది.”

“తినొద్దన్నానా? తిను. చూసుకుని తిను.”

చూసుకునే తిన్నది. పొద్దున మరమరాలు, మధ్యాహ్నం ఉడకబెట్టిన బంగాళాదుంప ఒకటి, రాత్రి చేపల పులుసులో ముక్క తీసి పిల్లకి పెట్టి పులుసు మాత్రం తాగేది. మూడు నెలల్లో పాత కొలతకి వచ్చింది. రెండో బిడ్డ సంగతి బికాష్ రెండుసార్లు ఎత్తాడు. వద్దంది. వద్దని ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పకుండానే ఆమె వద్దనుకుంది. ఎవరన్నా చెప్పి ఉంటే కనీసం వాళ్ళమీద కోపమన్నా వచ్చేది.

మిటుల్ పెద్దదై నర్సింగులో చేరింది. నోరు తండ్రిది. “అమ్మా, నీ నడుము కంపెనీది సరే, కడుపన్నా నీదేనా?” అని అన్నం దగ్గర దెప్పేది. ఝర్నా నవ్వి ఊరుకునేది. బికాష్‌కి వెన్నుపూస జారి రిక్షా నడపడం మానేశాక ఆ ఇంట్లో రాబడి అంటే స్టూలే. కాబట్టి ఆమెకి ఒకటే పట్టుదల, ఒకటే భయం. పిల్ల చదువు అయ్యేదాకా స్టూలు దిగకూడదు. అది చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

సంస్థ పెద్దదయ్యేకొద్దీ మందిరా చిన్నదయింది. ఢిల్లీకి వెళ్ళాలన్నా, ఒకేసారి పదేసి షాపులు తెరవాలన్నా ఒక్క బాగ్చీ కుటుంబం వల్ల అయ్యే పని కాదు. 2017లో పెద్ద వాటా బొంబాయి వాళ్ళకి రాసిచ్చింది. ప్రతి షాపులోనూ ఆవిడ నిలువెత్తు ఫోటో పెట్టారు, తెల్లజుట్టూ పెద్ద బొట్టూ. కస్బాలో పై అంతస్తున ఆవిడకి గది ఇచ్చారు, గదికి అద్దాల తలుపు పెట్టారు. కార్ఖానా చూసుకోడానికి ధ్రువ్ కపాడియా అనే ముప్పై ఐదేళ్ళ మనిషి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, అందర్నీ మీరు అంటాడు. వచ్చిన మొదటి నెలలోనే బట్టల లోపలి మడత సగానికి తగ్గించాడు. ఇంతకుముందు పక్క కుట్టు లోపల అంగుళం గుడ్డ మిగిల్చేవాళ్ళు, కొన్నావిడ ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి. ఆ అంగుళం ముప్పై నాలుగు షాపుల మీద ఎన్ని తానులవుతుందో అతను లెక్కగట్టి చూపించాడు.

“ఒళ్ళొస్తే ఏం చేస్తారు సార్?” అని అడిగాడు ఇద్రిస్.

“కొత్తది కొంటారు మాస్టర్‌జీ,” అన్నాడు ధ్రువ్.

నలభై నాలుగో ఏట ఝర్నాకి నెలసరి ఆగింది. థైరాయిడ్ కూడా ఉందన్నారు. తినేది అంతే, ఇంకా తగ్గించింది కూడా, అయినా నడుము దగ్గర లంగా బొందు మునుపటి ముడికి అందడం మానేసింది. మొదట్లో ఊపిరి బిగబట్టేది. ఇరవై నమూనాల సేపు ఊపిరి బిగబట్టడం మనిషివల్ల అవుతుందా? ఒక మంగళవారం పొద్దున, బికాష్ ఎర్రగళ్ళ గమ్ఛా తువ్వాలు తీసుకుని, లోపలి బనీను కింద పక్కటెముకల నుంచి నడుము దాకా నాలుగు చుట్లు చుట్టి, వెనక మిటుల్ చేత బిగించి కట్టించుకుంది.

“ఇదేం పనమ్మా? ఊపిరాడుతుందా?”

“సాయంత్రం దాకా ఆడితే చాల్లే.”

“నేను చదివేది ఇలాంటి వాళ్ళని బాగు చేయడానికే, కట్టడానికి కాదు.”

“చదువు పూర్తి చెయ్యి ముందు. కట్టు.”

అలా ఏడాదిన్నర. రైల్లో కూర్చుంటే గుచ్చుకుంటుందని నిలబడే వచ్చేది. ఇద్రిస్ టేపు పెట్టేవాడు, ఇరవై ఎనిమిది అని బల్లమీద రాసేవాడు, తుడిచేవాడు. ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపు టేపు పట్టుకుని చూసేవాడేమో, అంతే. ఝర్నా అతని మొహం చూసేది కాదు. గండం గడిచిందని గోడ మీద కాగితాల వైపు చూసేది.

మొన్నటి ఫాల్గుణంలో బట్టలు వెనక్కి రావడం మొదలైంది. ముందు పుణే నుంచి నాలుగు పెట్టెలు, తర్వాత ఢిల్లీ నుంచి పదకొండు. ఆ తర్వాత అన్ని ఊళ్ళ నుంచీ వచ్చిపడ్డాయి. కింది అంతస్తులో పెట్టెలు పెట్టే చోటు లేక మెట్ల మీద పేర్చారు. ఝర్నా ఆ పెట్టెల వైపు చూడకుండా గోడ పక్కకి ఒదిగి ఎక్కేది. ఏమైందని అడిగే ధైర్యం లేక, ఒక బుధవారం సెలవు పెట్టి గరియాహాట్ షాపుకి వెళ్ళింది. షాపులో కొత్తపిల్లలు ఆమెని ఎరగరు. మూల బల్లమీద కూర్చుంది.

కాసేపటికి యాభై ఏళ్ళావిడ ఒకరు సంచి బల్లమీద పెట్టి కుర్తా బయటికి లాగింది. మేష్టరమ్మ అని చూస్తేనే తెలుస్తోంది, వేళ్ళకి సుద్ద ఉంది.

“చెయ్యి ఎత్తి బోర్డు మీద రాయలేకపోతున్నానమ్మా. చంక కింద కోసుకుపోతోంది. నడుము దగ్గర చూస్తే నాలాంటిది ఇంకొకత్తి పడుతుంది. ఎవరి కోసం కుట్టారమ్మా ఇది, ఏ జంతువు కోసం?”

“పెద్ద సైజు ఇవ్వనా మేడమ్?” అంది షాపు పిల్ల.

“పెద్ద సైజూ ఇంతే, మా వదిన కొంది. ఇరవై ఏళ్ళ నుంచి మీ దగ్గరే కొంటున్నాను, కళ్ళు మూసుకుని తొడుక్కునేదాన్ని. విప్పి కుడదామంటే లోపల గుడ్డన్నా ఉంచలేదు.”

షాపు పిల్ల డబ్బు వాపసు చీటీ రాసింది. ఆవిడ వెళ్ళిపోయాక ఝర్నా లేచి ఆ కుర్తా తీసుకుని వేళ్ళతో కుట్టు వెంట తడిమింది. ఇరవై ఆరేళ్ళు ఆ కత్తిరింపు ఒంటిమీద మోసిన మనిషి, చూడగానే తెలిసిపోయింది. కట్టు కింద నలిగిన కండ పైకి పొంగి చంకల కింద చేరింది. ఆ వంకర ఒళ్ళే కాగితమెక్కింది, కాగితం మీంచి వేల బట్టల్లోకి ఎక్కింది. కానీ నడుము ఎందుకంత వదులైందో, చంక ఎందుకంత బిగిసిందో అర్థం కాలేదు. కట్టు కడితే నడుము బిగుతూ, చంక వదులూ కావాలి గదా. ఆ బిగుతు ఎక్కడికి పోయింది?

మర్నాడు కస్బాకి వెళ్ళేసరికి సంగతి తేలిపోయి ఉంది. మాస్టరుకి కంటిచూపు తగ్గిందనీ, కొలతలు తప్పు వేశాడనీ కాగితం రాసి బొంబాయి పంపారట. ఇద్రిస్ ఒప్పుకుని సంతకం పెట్టాడట. అతని కొలువు ఈ నెలాఖరు దాకానే. ఝర్నా సంచి కూడా కింద పెట్టకుండా లోపలికి వెళ్ళింది. కత్తిరింపు గదిలో అతను ఒక్కడే కత్తెరకి నూనె రాస్తున్నాడు.

“చాచా, నీ కళ్ళకేమీ కాలేదు.”

“అరవై ఏడొచ్చాయి తల్లీ. కళ్ళన్న తర్వాత మసకేస్తాయి.”

“నేను తువ్వాలు కట్టుకున్నాను. నడుముకి. ఏడాదిన్నర నుంచి.”

అతను కత్తెర పక్కన పెట్టాడు. “తెలుసు.”

“తెలుసా?”

“నువ్వు ఇరవై ఏళ్ళప్పట్నుంచి నీ మీద టేపు పెడుతున్నాను. గుడ్డ ఏదో, ఒళ్ళు ఏదో చేతికి తెలీదా?”

“మరి ఎందుకడగలేదు?”

“ఏమని అడగాలి? ఏవమ్మా, లావయ్యావా అనా? మా నాన్న వింటే గోరీలోంచి లేచొచ్చి కొడతాడు.” నూనె గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. “అడిగితే నువ్వు స్టూలు దిగాల్సొచ్చేది. పిల్ల చదువు మధ్యలో ఉంది. అందుకని నేనే సర్దుదామనుకున్నా. కట్టు విప్పితే ఎంతుంటుందో అంచనా వేసి, కాగితం మీద నడుము దగ్గర ఒక్కో ముక్కకీ ముప్పావు అంగుళం కలిపా. చంక కింద పొంగింది కట్టు వల్లే గదా అని అక్కడ తీసేశా. కలిపింది ఎక్కువైంది. తీసింది ఇంకా ఎక్కువైంది.”

ఝర్నా స్టూలు అంచు మీద కూలబడింది. ఆమె అతని మర్యాద కోసం నోరు విప్పలేదు, అతను ఆమె మర్యాద కోసం నోరు విప్పలేదు. షెడ్డు రోజుల్లో అయితే పాడైన జాకెట్టు మూడోనాటికి తిరిగొచ్చేది, అతను కుట్టు విప్పి, నవ్వి, సరిచేసి ఇచ్చేవాడు. ఇప్పుడు తప్పు తిరిగొచ్చేలోపు పన్నెండు వేల ఒళ్ళ మీదికి వెళ్ళిపోయింది.

“నేను పైకెళ్ళి చెప్తాను,” అంది.

“చెప్పకు తల్లీ. నేనెలాగూ పోతున్నా. పోయినందుకు ఒకరికన్నా పనికిరానీ.”

ఆమె వినలేదు. ఒక్క గుక్కలో పై అంతస్తు ఎక్కింది. అద్దాల తలుపు వెనక మందిరా ఏదో కొత్త గుడ్డ నమూనాలు ముందేసుకుని, వాటిని చూడకుండా కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్ళు, ఫోటోలో కంటే చాలా పెద్దగా కనిపించింది. ఝర్నా నిలబడే మొత్తం చెప్పింది. తువ్వాలు, నాలుగు చుట్లు, మిటుల్ ముడి వేయడం, ఇద్రిస్ అంచనా, ఏదీ దాచలేదు.

మందిరా ముందున్న గుడ్డ నమూనాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. “నిజమే చెప్తున్నావని తెలుస్తోంది,” అంది చివరికి. “ఏం చేసుకోను దీన్ని?”

“చాచా తప్పు కాదని రాయండి బౌదీ. ఆయన బదులు నన్ను పంపించండి.”

“బదులు అనేది నా చేతుల్లో ఉందనుకుంటున్నావా? వాళ్ళు మూడేళ్ళ నుంచి ఇద్రిస్‌ని పంపాలని చూస్తున్నారు. కంప్యూటర్లో కత్తిరించే పిల్లల్ని తెచ్చుకోవాలి వాళ్ళకి. నేను అడ్డం పడుతూ వచ్చా. ఇప్పుడు ఇది దొరికింది. నువ్వు చెప్పింది నేను చెప్పాననుకో, ఇద్దరూ దొంగలే అంటారు. ఇద్దర్నీ పంపుతారు. పంపనా?”

“మీ సంస్థ కదా ఇది.”

“నా బొమ్మ ముప్పై నాలుగు గోడల మీద ఉందే. నా మాట మాత్రం ఈ తలుపు దాటదు.” ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. “పూజ బట్టలు నలభై ఒక్క నమూనాలు ఉన్నాయి. నీ బదులు కొలత చూసుకునే ప్లాస్టిక్ బొమ్మలు బొంబాయి నుంచి వచ్చేసరికి పూజ అయిపోతుంది. అంతదాకా నువ్వు కావాలి వాళ్ళకి. ఆ తర్వాత సంగతి నన్నడక్కు. నన్నెవరూ అడగరు కూడా.”

ఝర్నా ఇంకేదో అందామనుకుంది. మానేస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది, ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. ఇంట్లో మంచం పట్టిన మనిషి, చివరి ఏడాదిలో ఉన్న పిల్ల, ఇంకో చోట నలభై ఆరేళ్ళ నడుముని ఎవరు పనిలో పెట్టుకుంటారన్న ప్రశ్న, ఇవన్నీ కలిసి ఆ మాటని మళ్ళీ కిందికి తోసేశాయి. ఆమెకి తనమీద తనకి అసహ్యం వేసింది. వేసినా చేసేదేమీ లేదు. తలుపు మెల్లగా లాగి కిందికి దిగి వచ్చింది.

నెలాఖరున ఇద్రిస్ వెళ్ళిపోయాడు. కార్ఖానా వాళ్ళందరూ కలిసి ఒక గడియారం కొనిచ్చారు. ధ్రువ్ రెండు చేతులతో దండం పెట్టి, మాస్టర్‌జీ లేకుండా ఇంత సంస్థ లేదని చెప్పాడు, నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయి అతనికి. ఝర్నా మెట్ల దాకా వెళ్ళింది. ఇద్రిస్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, మిటుల్ పరీక్షలు ఎప్పుడని అడిగి, బస్సు వేళయిందని వెళ్ళాడు.

తర్వాతి మంగళవారం కత్తిరింపు గదిలో ఆద్రిజా అనే అమ్మాయి ఉంది. ఇరవై ఐదేళ్ళు, ఢిల్లీలో పెద్ద చదువు చదివి వచ్చింది, మెడలో టేపు, చేతిలో పలకలాంటి కంప్యూటర్. పూజ బట్టల మొదటి నమూనా బల్లమీద సిద్ధంగా ఉంది. ఆ రోజు ఝర్నా ఒంటిమీద కట్టేమీ లేదు. ఇకమీదట ఉన్నది ఉన్నట్టు కొలుచుకోనీ, ఏమైతే అదవుతుంది అనుకునే రైలెక్కింది. చాచా కోసం తను చేయగలిగింది ఇదొక్కటే మిగిలింది.

“ఎక్కండి దీదీ,” అంది ఆద్రిజా.

ఎక్కింది.

“ఊపిరి వదిలి మామూలుగా నిల్చోండి. పాత కొలతల గోల నాకెందుకు, మీ అసలు కొలత కావాలి.”

“వదిలేశాను.”

ఆద్రిజా టేపు చుట్టి, వేలితో నడుము పక్కన మెల్లగా నొక్కింది. “వదల్లేదు దీదీ. పొట్ట లోపలికి లాగిపెట్టుకున్నారు. వదిలెయ్యండి.”

ఝర్నా కళ్ళు మూసుకుంది. భుజాలు దించింది. గట్టిగా ఊపిరి తీసి మొత్తం బయటికి వదిలింది. పొట్ట కదల్లేదు. మళ్ళీ వదిలింది. మనసులో బతిమాలుకుంది, తన పొట్టని తనే. ఇరవై ఆరేళ్ళుగా స్టూలు ఎక్కగానే లోపలికి పోవడం దానికి అలవాటు. ఇప్పుడు వదిలెయ్యమంటే ఎలా వదలాలో దానికి తెలియదు. కిటికీ అవతల గదిలో కుట్టేవాళ్ళు మిషన్లు ఆపి చూస్తున్నారు. ఎంత ప్రయత్నించినా ఒక్క పావు అంగుళం కూడా బయటికి రాలేదు.

“ఇంకోసారి చూడమ్మా,” అంది ఝర్నా. “రాయకు, ఇంకోసారి.”

ఆద్రిజా ఇంకోసారి చూసింది, తర్వాత గడియారం చూసింది. ఇంకా నలభై నమూనాలున్నాయి.

“ఫర్వాలేదు దీదీ, కరెక్టుగానే ఉంది,” అని ఇరవై ఎనిమిది అని పలకలో రాసుకుంది.